మధ్యాహ్న విరామం

సొహార్ రేవు వెనక, పోర్టా క్యాబిన్‌లో
నేను మొదట పగబట్టింది తెలుపు మీద.
మజ్జిగ తెలుపు కాదు, ఉతికిన పంచె తెలుపు కాదు,
ఎక్సెల్ తెలుపు.
పదకొండు వందల నలభై పేర్లకు
రోజూ గంటలు ఎక్కించే గళ్ళు.
రెప్ప మూసినా లోపల అవే గళ్ళు,
ఎర్రటి చీకట్లో ఆకుపచ్చ గీతలు.

డాక్టరమ్మ టార్చి వేసి చూసి
"నీ కళ్ళు కొంచెం సుకుమారం" అంది.
క్యాంపులో ఆ మాట ఎవరికీ చెప్పలేదు.
నలభై ఎనిమిది డిగ్రీల్లో ఇనుము మోసేవాళ్ళ మధ్య
ఏసీ కింద కూచున్నవాడికి
సుకుమారమేమిటి?

జూన్ నెలలో చేశాను ఆ తప్పు.
లింబాద్రి, వెల్డరు, ఊరు భీంగల్,
ఓవర్‌టైమ్ ఎనభై మూడు.
ఆ సాయంత్రం నా కంటికి
ఎనిమిదీ మూడూ ఒక్క పోలిక.
ముప్పై మూడు కొట్టాను.
యాభై గంటల మంట
ఒక్క మీటతో చల్లారిపోయింది.

పన్నెండున్నరకు సైరన్.
ఎండలు ముదిరితే మూడున్నర దాకా
బయట పని చేయించకూడదని ఇక్కడి నియమం.
మనుషులు కంటెయినర్ల నీడలోకి ఒరిగారు.
లింబాద్రి ఒక్కడే
జీతం స్లిప్పు పట్టుకుని నా తలుపు తోశాడు.

తిట్టడానికే వచ్చాడు.
తిట్టు పెదవి దాకా వచ్చింది కూడా.
నా మొహం చూసి ఆగాడు.
"ఆర్కు కొట్టిందా నీకు?"
"నాది వెల్డింగ్ కాదు గదన్నా."
"కండ్లల్ల ఇసుక వోసినట్టున్నదా?"
"అవును."
"దీపం దిక్కు సూస్తె సూదులు?"
"అవును."
"మరింకేంది. మాది పెద్ద మంట, నీది సన్న మంట."

మెస్సుకెళ్ళి ఆలుగడ్డ తెచ్చాడు.
రెండు బిళ్ళలు కోసి నా రెప్పల మీద పెట్టాడు.
మట్టి వాసన. చలవ.
చెంప మీదికి జారింది దాని రసమో నా నీరో
ఇద్దరం అడగలేదు.

ఆ చీకట్లో అతని గొంతు క్యాబినంతా తిరిగింది:
"ఏసీ గాలి సక్కగ కండ్లల్లకే కొడుతున్నది,
ఎవడు వెట్టిండు గిట్ల?"
రేకు తిప్పిన కిర్రుమోత.
"ఎనుక కిటికీ, ముంగట అద్దం. ఇద్దరు సూర్యులు నీకు."
అట్టముక్క, టేపు చింపిన చప్పుడు.
"లే, ఇగో, ఇది సూడు."

ఒక బిళ్ళ తీసి చూశాను.
కళ్ళ కోసమని నేను బాగా మసక చేసుకున్న తెర;
దానికెదురుగా అతని ఫోన్ కెమెరా;
కెమెరాలో నల్లటి పట్టీలు పాకుతున్నాయి.
నిలకడ దీపమనుకున్నది
ఆరి వెలిగి, ఆరి వెలిగి
ఏడాదిగా నన్ను కొడుతూనే ఉంది.
"గింత సన్న దెబ్బ ఎవలకు ఎరుకైతది,
నీ కండ్లకు తప్ప."
సుకుమారమన్న మాట
ఆ రోజు మొదటిసారి
పనితనంలా వినిపించింది.

పట్టీలు మాయమయ్యేదాకా వెలుగు పెంచాం,
తెలుపులో చిటికెడు పసుపు కలిపాం,
వేపకాయంత అంకెను రేగుపండంత చేశాం.
తర్వాత, అతను నా భుజం మీంచి చూస్తుండగా,
ఎనిమిది. దాని పక్కన మూడు.
"ఇంకోపారి సదువు" అన్నాడు.
చదివాను.
అప్పుడు తిట్టాడు, దాచుకున్న ఆ తిట్టే,
తిట్టి వెళ్ళి నీడలో పడుకున్నాడు.

కంటికి మధ్యాహ్నం రాసిన చట్టం
ఏ దేశంలోనూ ఉన్నట్టు లేదు.
మూడు గంటలు నాకెవరిస్తారు?
సైరన్‌కి మూత దించేసి
ఇరవై నిమిషాలు దొంగిలిస్తాను.
మొహం మీద హెల్మెట్ బోర్లించుకున్న
లింబాద్రిని దాటి, నీడ అంచున నిలబడి
సముద్రం మీద అన్నిటికన్నా దూరపు ఓడను
వెతుక్కుంటాను.
తెర రెండు మూరల్లో ఆపేసిన చూపు
బద్ధకంగా సాగుతుంది, ఉప్పు పొగమంచు దాకా.

లంగరేసిన ఓడలు మూడో, ఎనిమిదో.
తప్పు లెక్కపెట్టినా
ఎవరి జీతమూ తగ్గదు.